సప్పుడు చేయని పిల్ల

పరుశురాం చెవులకు కార్ఖానాలో మంచి పేరుండేది. సూరత్ పక్కన జోల్వాలో అతను పనిచేసే మరమగ్గాల షెడ్డులో పక్కవాడు మెడ నరాలు ఉబ్బేలా అరిచినా వినపడదు. అంత మోతలోనూ చప్పుడులో వచ్చిన తేడాను బట్టి ఏ మగ్గం మీద పోగు తెగిందో అతను పట్టేసేవాడు. అలాంటి చెవులకు సొంత కూతురి గొంతు మాత్రం రెండున్నరేళ్లు వచ్చేదాకా సరిగ్గా వినపడలేదు. దానికి అతని దగ్గర ఒక సమాధానం ఉండేది. "మా తన్వికది జర సన్న గొంతు" అనేవాడు, అదేదో పెద్దింటి పిల్లల లక్షణమైనట్టు.

పెళ్లయిన నాటినుంచీ అతనిది రాత్రి పాళి. పొద్దున ఇంటికి రావడం, ఇంత తిని పడుకోవడం, మధ్యాహ్నం దాటాక లేచి స్నానం చేసి, భార్య సంతోషి కట్టిన డబ్బా పట్టుకుని మళ్లీ బయల్దేరడం. ఇల్లంటే ఒకటే గది. అందులోనే పొయ్యి, అందులోనే మంచం, ఒక మూలన గిన్నెలూ మనుషులూ కడుక్కునే జాలారి. మరుగుదొడ్లు వరుస గదుల చివర అందరికీ కలిపి ఉండేవి. కూతురంటే అతనికి ప్రాణమే. కాకపోతే ఆ ప్రాణాన్ని మెలకువగా ఉండి చూసుకునే తీరిక దొరకలేదు.

ఆ తీరికను దేవుడు 2020 మార్చిలో తట్టలతో తెచ్చి కుమ్మరించాడు. లాక్‌డౌన్ అన్నారు. దీపావళికి తప్ప ఆగని మగ్గాలు ఆగాయి. రైళ్లూ ఆగాయి. కార్ఖానా ఆగిన తర్వాత జోల్వా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, పరుశురాంకు మొదటి వారం చెవుల్లో నొప్పి వచ్చింది. మామూలు రోజులైతే ఈపాటికి కోరుట్ల నుంచి సంతోషి తల్లి లలితమ్మ బయల్దేరి రావాలి. ఎందుకంటే సంతోషికి ఏడో నెల. తొలి కాన్పు పుట్టింట్లో జరిగింది కాబట్టి మలి కాన్పుకు తల్లే సూరత్‌కు వచ్చి చేస్తుందని ముందే అనుకున్నారు. మనుషులు అనుకున్నవేవీ ఆ ఏడాది జరగలేదు కదా, ఇది మాత్రం ఎందుకు జరుగుతుంది!

ఆసుపత్రికి కబురు పంపి కనుక్కుంటే, గర్భిణి వెంట ఒక్క ఆడమనిషినే రానిస్తామన్నారు, పిల్లల్ని గేటు లోపలికి కూడా రానివ్వమన్నారు. వెంట వెళ్లడానికి భాగీరథి పెద్దమ్మ ఒప్పుకుంది. ఆమె అదే వరుసలో ఉంటూ, పెళ్లికాని మగ్గం కార్మికులకు వండిపెట్టే మెస్ నడిపేది. తినేవాళ్లంతా ఊళ్లకు నడక కట్టడంతో ఆమె గరిటెకూ సెలవు దొరికింది. మరి తన్విక? తన్విక తండ్రి దగ్గర ఉండాలి. ఒక రోజా, రెండు రోజులా, కోత కాన్పయితే వారమా, ఎవరూ చెప్పలేరు.

తిండి సంగతి పర్వాలేదు, పిల్ల ఎవరి చేతి ముద్దయినా తినేది. చిక్కంతా ఆ తర్వాతి పని దగ్గరే వచ్చింది.

సంతోషి పిల్లను పాదాల మీద కూర్చోబెట్టి ఒంటికీ రెంటికీ అలవాటు చేసింది. వాళ్లమ్మ ఆమెకు అలాగే చేసింది. జాలారి పక్కన చిన్న పీట వేసుకుని, రెండు కాళ్లూ ముందుకు చాపి, పాదాల మధ్య కాస్త సందు ఉంచి, కింద పాత పేపరు పరిచి, పిల్లను ఆ పాదాల మీద తనవైపు తిప్పి కూర్చోబెట్టుకునేది. పిల్ల ఆమె మోకాళ్లు పట్టుకునేది. ఆమె "స్స్‌స్స్" అనేది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఆ పని ముగించేవాళ్లు. ఇప్పుడు కడుపు అడ్డమొచ్చి సంతోషికి ఆ పీట మీద కూర్చోవడమే కష్టమైంది, లేవడం ఇంకా కష్టమైంది. పైగా, అంతకుముందు దాదాపు దారిలో పడ్డ పిల్ల లాక్‌డౌన్ మొదలైనప్పటి నుంచి మళ్లీ ఎక్కడపడితే అక్కడ తడపడం మొదలుపెట్టింది. బియ్యం డ్రమ్ము వెనక్కి వెళ్లి, నిశ్శబ్దంగా కానిచ్చి, తడిసిన లాగుతో అలాగే నిలబడిపోయేది.

"కడుపులున్నది వస్తదంటే పెద్దపిల్లలు గిట్లనే చేస్తరు" అంది సంతోషి.

"ఒక్కన్నే పన్నెండు సాంచలు నడిపినోన్ని, ఒక్క పోరిని నడపలేనా?" అన్నాడు పరుశురాం.

ఇంతలావు మాట అనేముందు మనిషి కాస్త ఆలోచించుకోవాలి.

సాంచ అంటే మరమగ్గం, దాన్ని నడిపే పద్ధతి ఒక్కటే అతనికి తెలిసింది. టైము ప్రకారం చూడు, టైము ప్రకారం నూనె వెయ్యి, ఆగితే అదిలించు. ఫోనులో గంట గంటకూ అలారం పెట్టాడు. అలారం మోగగానే పిల్ల ఏ ఆటలో ఉన్నా సరే, చంకన వేసుకుని జాలారి దగ్గరికి పరుగు. పీట మీద కూర్చునేవాడు, కాళ్లు చాపేవాడు, పిల్లను పెట్టుకునేవాడు. "స్స్‌స్స్" అనేవాడు. మోతలో అరిచి అరిచి బండబారిన గొంతు కాబట్టి అతని "స్స్‌స్స్" ప్రెషర్ కుక్కర్‌కు తీసిపోయేది కాదు. తన్విక కళ్లు పెద్దవి చేసుకుని అతని ముఖంలోకి చూస్తూ, కర్రలా బిగుసుకుపోయి కూర్చునేది. చుక్క రాలేది కాదు. దింపి బిస్కెట్ ఇస్తే తీసుకుని, తింటూ వెళ్లి, డ్రమ్ము వెనకాల తడిపేది.

అతను బతిమాలాడు. కసిరాడు. ఒకరోజు "సిగ్గు లేదా?" అని కూడా అన్నాడు. రెండున్నరేళ్ల పిల్లకు సిగ్గెందుకుంటుంది? కానీ ఆ మాటకు పిల్ల కింది పెదవి వణికింది, ఏడుపు మాత్రం బయటికి రాలేదు. వచ్చిన ఏడుపును వచ్చినట్టే మింగేసింది. పరుశురాం దాన్ని మొండితనం అనుకున్నాడు.

ఆ సాయంత్రం భాగీరథి పెద్దమ్మ గడప బయట, మూతికి కొంగు కట్టుకుని కూర్చుని ఇదంతా విన్నది. పరుశురాం ఆమెకు తన కష్టాలు చెప్పుకున్నాడు.

"ఇప్పుడు నేర్పకపోతే ఎప్పుడు నేర్పాలె పెద్దమ్మా? మొక్కై వంగనిది మానై వంగుతదా?"

"వంచుడంటే గిదా కొడుకా? నువ్వు ఇరుస్తున్నవ్ దాన్ని. పిల్లలకు ఒక యాళ్ల ఉంటది. యాళ్ల రాంగనే వాళ్లే చెప్తరు. నా ముగ్గురికి నేనేం అలారం పెట్టిన్నా?"

"ఆ యాళ్ల సంతోషి కాన్పు దాటినంక వస్తే నేనేం జెయ్యాలె?"

 "పోశవ్వ తల్లి చూస్తదిలే" అని పెద్దమ్మ లేచి వెళ్లిపోయింది. జవాబు లేని ప్రతిదాన్నీ ఆ తల్లి నెత్తినే పెట్టేవాళ్లం మనం.

తర్వాత కొన్నాళ్లకు ఒక ఉదయం నీళ్ల ట్యాంకరు వచ్చిందంటే పరుశురాం బిందెలు పట్టుకుని రోడ్డు మీదకు వెళ్లాడు. అందరూ దూరం దూరంగా నిలబడాలని పోలీసులు సున్నంతో గుండ్రాలు గీశారు, అందుకని వరుస చాలా పొడుగైంది. చివరికి రెండు బిందెలు నింపుకుని, వరుస గదుల ముందు నుంచి నడిచొస్తుంటే ఏదో పిల్ల గొంతు ఖంగుమని వినిపించింది.

"అమ్మా! సుస్సు! సుస్సొస్తాంది! దా!"

ఎవరి పిల్లో గాని గట్టిపిండం అనుకున్నాడు పరుశురాం. ఇలాంటి పిల్ల కదా ఉండాల్సింది, ఎంత బాగా చెబుతోంది అని ఆ కన్నవాళ్ల మీద కాస్త ఈర్ష్య కూడా పడ్డాడు. రెండడుగులు వేశాక ఆ గొంతు తన గదిలోంచే వస్తోందని తెలిసింది. బిందెలు గడప పక్కన దించి, తలుపు సందులోంచి చూశాడు. తన్విక జాలారి దగ్గర గంతులు వేస్తోంది. సంతోషి గోడ పట్టుకుని నెమ్మదిగా పీట మీద కూలబడుతోంది. "ఉరుకు అమ్మా, ఉరుకు!" అని పిల్ల ఒర్రుతోంది. తల్లి పాదాల మీద కూర్చుని, పని ముగించి, తనంతట తానే లేచి చప్పట్లు కొట్టుకుంది.

పరుశురాంకు సంతోషం పట్టలేకపోయింది. తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. "నా బిడ్డనే!" అన్నాడు.

చప్పట్లు ఆగిపోయాయి. తన్విక అతన్ని చూసింది, తల్లిని చూసింది. చూపుడువేలు తెచ్చి పెదాల మీద అడ్డంగా పెట్టుకుంది. తర్వాత చడీచప్పుడు లేకుండా మునివేళ్ల మీద నడుచుకుంటూ వెళ్లి, మంచం పక్కన కూర్చుంది.

పరుశురాం అక్కడే నిలబడిపోయాడు. "సంతోషీ, ఇదేంది? నేనంటే గంత భయమా దీనికి? నేనెప్పుడన్న కొట్టిన్నా?"

 సంతోషి పీట మీద నుంచి లేవలేక, చెయ్యి అందించమన్నట్టు చాపి, అతను పట్టుకోగానే ఏడ్చేసింది.

"భయం గాదు. నేనే నేర్పిన. నువ్వు పొద్దుగాల్నే అలిసి వస్తవ్. ఉన్నదొకటే గది. ఇది జర ఏడ్చినా నువ్వు ఉలిక్కిపడి లేస్తవ్. నిద్రలేక సాంచల కాడ చెయ్యి పెడితే ఏమైతది? మీ షెడ్డుల సోమలింగం చేతి ఏళ్లు తెగిపోలేదా? గందుకని, పుట్టినప్పటిసంది... బాపు పండుకున్నడు బిడ్డా, సప్పుడు చెయ్యకు, సప్పుడు చెయ్యకు. నోటి మీద చెయ్యి వెట్టి మరీ ఆపిన. సుస్సొస్తే అడుగుతదేమోనని అడగకముందే నేనే కూసోవెట్టిన. నువ్వు పాళికి పోయినంక మాత్రం మంచిగనే ఒర్రి చెప్పేది. ఇప్పుడు నువ్వు పగలు రాత్రి ఇంట్లనే ఉంటివి. దానికేం తెలుసు? నువ్వున్నవంటే సప్పుడు చెయ్యద్దు, అంతే."

పరుశురాం మంచం మీద కూర్చున్నాడు. కింద కూతురు, నోటి మీద వేలు తీయకుండా, అతని కాళ్లవైపు చూస్తోంది. ఇన్నాళ్లూ తన నిద్రను ఇంత చిన్న పిల్ల కాపలా కాసింది. సన్న గొంతు అని ఊరందరికీ గొప్పగా చెప్పుకున్నది గుర్తొచ్చి తన మీద తనకే రోత పుట్టింది. పిల్లను ఎత్తుకోబోయాడు. పిల్ల బిగుసుకుంది. ఎత్తుకోకుండా పక్కన నేల మీద కూర్చున్నాడు.

సంగతి విన్న భాగీరథి పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. "దాని యాళ్ల ఎప్పుడో అయింది కొడుకా. ఇగ నీదే కావాలె" అంది.

అలారం తీసేశాడు. అతను చేసిన మొదటి మంచి పని అదే. రెండోది, పగటి నిద్ర మానేశాడు. మూడోది వరుసలో ఉన్నవాళ్లెవరికీ నచ్చలేదు. ఇంట్లో ఉన్న మూతలు, గిన్నెలు, గరిటెలు అన్నీ నేల మీద పరిచి, కూతురి ముందు కూర్చుని మోగించడం మొదలుపెట్టాడు. తన్విక మొదట హడలిపోయి తల్లి కొంగు వెనక్కి దూరింది. తర్వాత తొంగి చూసింది. తర్వాత ఒక చెంచా తీసుకుని మూత మీద ఒక్కసారి టంగుమనిపించి, వెంటనే అతని ముఖంలోకి చూసింది. "ఇంక గట్టిగ" అన్నాడు. మళ్లీ టంగుమంది. మళ్లీ చూపు. అలా ప్రతి దెబ్బకూ తండ్రి ముఖం చూసి అనుమతి తీసుకుంటుంటే సంతోషికి నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. "రోగమొచ్చి లోకం మునుగుతుంటే వీళ్లకు బ్యాండు మేళం కావాల్సొచ్చింది" అని పక్కగది వాళ్లు గోడ మీద కొట్టారు. పరుశురాం కూడా తిరిగి గోడ మీద కొట్టాడు. తన్విక కిలకిలా నవ్వింది. తన ముందు కూతురు గొంతెత్తి నవ్వడం అతను మొదటిసారి విన్నాడు.

గొంతయితే వచ్చింది గానీ అసలు పని దగ్గర మాత్రం పాత అలవాటు అంత తేలిగ్గా వదల్లేదు. అవసరం వచ్చినప్పుడు పిల్ల ఇంకా మాట్లాడకుండా తల్లి దగ్గరికే వెళ్లి కొంగు లాగేది. తల్లి పడుకుని ఉంటే డ్రమ్ము వెనక్కే పోయేది.

పరుశురాం ఇప్పుడు తొందరపెట్టలేదు. చూడడం నేర్చుకున్నాడు. ఆడుతున్న పిల్ల హఠాత్తుగా ఆగుతుంది. ఒక పాదం మీద ఇంకో పాదం వేస్తుంది. కిటికీ ఊచ పట్టుకుని ఎటో ఆలోచిస్తున్నట్టు నిలబడుతుంది. అది కనిపించగానే అతను ఏమీ అనకుండా వెళ్లి పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, ముఖం గోడవైపు తిప్పుకునేవాడు. అంతే. రమ్మనేవాడు కాదు, "స్స్‌స్స్" అనేవాడు కాదు. తన్విక దగ్గరిదాకా వచ్చి ఆ పాదాలను చూసేది. మడమలు పగిలి, నూనె మరకలు చర్మంలోకి ఇంకిపోయిన పాదాలవి. తల్లివి ఇలా ఉండవు. వేలితో ఒకసారి ముట్టుకుని చూసి వెళ్లిపోయేది. తడిస్తే అతనే తుడిచి, లాగు మార్చి, మారు మాట్లాడకుండా మూతల దగ్గర కూర్చునేవాడు.

"ఇట్లయితే నేను దవఖానకు పోయినంక ఏమైతదో" అని సంతోషి దిగులు పడేది. ఆమె పాదాలు వాచాయి, నెలలు నిండాయి. పరుశురాంకూ లోపల గుబులుగానే ఉండేది. తడిపితే తడిపింది, తుడవడానికి చేతులున్నాయి. తల్లి కూడా లేని ఇంట్లో ఆ పిల్ల అడగలేక, ఏడవలేక, ఒక్కతే ఆ డ్రమ్ము వెనక నిలబడుతుందే, దాన్ని తలుచుకుంటేనే అతనికి అన్నం సహించేది కాదు.

జూన్‌లో తొలి వాన పడిన రోజు తెల్లవారుతుండగా సంతోషికి నొప్పులు వచ్చాయి. భాగీరథి పెద్దమ్మ మాస్కు మీద మాస్కు కట్టుకుని, పాత చీరల మూట చంకన పెట్టుకుని, ఆంబులెన్సు ఎక్కింది. ఎక్కేముందు సంతోషి కూతురి తల నిమిరి, "బాపును లేపాలె బిడ్డా, ఏం గావాలన్న లేపాలె, సమజైందా?" అంది. తన్విక తలూపింది. అన్నిటికీ అలాగే తలూపుతుంది కాబట్టి దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

పొద్దంతా పిల్ల గుమ్మం దగ్గరే కూర్చుంది. "అమ్మేది?" అని ఒకసారి అడిగింది. "తమ్ముణ్నో చెల్లెనో తేవడానికి పోయింది" అన్నాడు. అది నచ్చినట్టు లేదు. పాలు తాగింది, అన్నం తిన్నది, జాలారివైపు మాత్రం వెళ్లలేదు, డ్రమ్ము వెనక్కీ వెళ్లలేదు. పరుశురాం రెండుసార్లు పీట మీద కాళ్లు చాపి కూర్చుని చూశాడు. రాలేదు. పిల్ల పొట్ట చూస్తే బిగిసి ఉంది. బతిమాలే మాట నోటిదాకా వస్తే ఆపుకున్నాడు. ఆసుపత్రి నుంచి ఫోను రాలేదు. పెద్దమ్మకు చేస్తే ఎత్తలేదు. చేయగలిగింది ఏదీ లేక, పిల్ల పక్కన నేల మీద నడుం వాల్చాడు. వాల్చకూడదు అనుకుంటూనే వాల్చాడు. నొప్పులు మొదలైనప్పటి నుంచి ఒంట్లో ఉన్న బిగువు ఒక్కసారిగా వదిలి, కన్ను మూతపడింది.

ఎంతసేపు పడుకున్నాడో తెలియదు. నిద్రపోతున్న తండ్రిని చూస్తూ ఆ పిల్ల ఎంతసేపు నిలబడిందో, తనలో తాను ఎంత పోట్లాడుకుందో అది కూడా ఎవరికీ తెలియదు. చెవిలో పిడుగు పడ్డట్టయి పరుశురాం ఎగిరి కూర్చున్నాడు.

"బాపూ! లెవ్వు! కక్క! కక్కొస్తాంది! లెవ్వూ!"

రెండు చేతులతో అతని ఛాతీ మీద బాదుతోంది. కళ్లలో నీళ్లు, గొంతులో ప్రాణమంతా. పక్కగదిలో ఎవరో "అరే క్యా హువా?" అని తలుపు తెరిచారు. పరుశురాం పిల్లను ఎత్తుకుని ఒక్క అంగలో జాలారి దగ్గరికి చేరాడు. పేపరు పరిచాడో లేదో గుర్తులేదు. కాళ్లు చాపాడు. తన్విక ఆ పాదాల మీద కూర్చుంది, అతని మోకాళ్లు గట్టిగా పట్టుకుంది, తల్లి ముఖంలోకి చూసినట్టే అతని ముఖంలోకి చూసింది.

సరిగ్గా అప్పుడు ఫోను మోగింది.

మంచం మీద పెట్టిన ఫోను. పెద్దమ్మదే అయుంటుంది.  సంతోషికి ఎలా ఉందో, ఏం జరిగిందో. లేస్తే నాలుగు అడుగులు.

"ఫోను" అంది తన్విక. మోకాళ్ల మీద పట్టు కాస్త సడలించింది, దిగమంటే దిగిపోవడానికి.

"మోగనియ్ బిడ్డా. నీ పని అయినంక ఎత్తుదాం" అన్నాడు పరుశురాం.

ఫోను మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. తన్విక నింపాదిగా కూర్చుంది. పొద్దుటి నుంచి బిగబట్టింది కదా, కొంచెం ఎక్కువసేపే పట్టింది. అంతా అయ్యాక అతను పిల్లను కడిగి, పాదాలు కడుక్కుని, మళ్లీ మోగుతున్న ఫోను ఎత్తాడు.

"ఏడ సచ్చినవ్ రా!" అంది భాగీరథి పెద్దమ్మ. "ఎన్నిమాట్ల చెయ్యాలె నీకు? ఈడ..."

"పెద్దమ్మా, తన్వి నన్ను లేపింది!" అన్నాడు పరుశురాం.  "పండుకున్నోన్ని ఒర్రి లేపింది! నా కాళ్ల మీదనే కూసున్నది, పెద్దమ్మా!"

 "చూసినవానే నీ మొగన్ని! ఆలి ఈడ పురుడు వోసుకుంటే వానికి ఆడ కక్క ముచ్చట్లు!" అని అవతల పెద్దమ్మ ఎవరితోనో అంటోంది. తర్వాత సంతోషి గొంతు, నీరసంగా, దగ్గరగా వినిపించింది.

"నిజంగనే ఒర్రిందా?"

"లైన్ లైనంత ఇన్నరు."

 సంతోషి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది. ఆమె పక్కనే కేరుమని ఒక ఏడుపు లేచింది, కొత్తది, పదునైనది. "ష్ష్, సప్పుడు చెయ్యకు బిడ్డా" అంది సంతోషి, అలవాటు కొద్దీ.

తన్విక తండ్రి చేతిలోంచి ఫోను లాక్కుంది. నోటికి ఆనించుకుని, "ఏడ్వనియ్ అమ్మా. బాపు లేసే ఉన్నడు" అంది.

పరుశురాంకు అప్పుడు గుర్తొచ్చింది, అడగాల్సిన మాట ఇంకా అడగలేదని. కూతురి పక్కన నేల మీద కూర్చుని, ఫోను ఇద్దరి మధ్యా పెట్టుకున్నాడు. "నువ్వు మంచిగున్నవా? మనకేం పుట్టిందే?"

"మంచిగనే ఉన్న. ఆడబిడ్డే. దీని గొంతుకు వార్డు వార్డంత లేసి కూసున్నది" అంది సంతోషి.

"కూసోనియ్" అన్నాడు పరుశురాం.